కొలెస్ట్రాల్ నార్మల్‌గా ఉంటే స్టాటిన్ ఎందుకు? కీళ్లవాతం, లూపస్ ఉన్నవాళ్ల గుండె గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 41, 11 ఏళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం), దానికి వారానికోసారి మెథోట్రెక్సేట్, నొప్పులు ఎక్కువైనప్పుడల్లా కొన్నాళ్లు స్టెరాయిడ్, దాదాపు రోజూ ఒక నొప్పి మాత్ర. బీపీ 138/88. కొలెస్ట్రాల్ నార్మల్. అయినా కొత్త డాక్టరు గారు స్టాటిన్, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర, రాశారు. "నాది కీళ్ల జబ్బు కదా, గుండె మాత్ర ఎందుకు? ఊరికే రాశారా? మెథోట్రెక్సేట్‌తో కలిపి వేసుకుంటే లివర్ పాడవదా?" అని అడిగారు. చివర్లో ఇంకో మాట రాశారు, మెడ రక్తనాళాల స్కాన్‌లో "చిన్న ప్లాక్" అని ఉందని, దాని గురించి ఎవరూ ఏమీ చెప్పలేదని. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఆ చివరి మాటే. దాని దగ్గరికి వస్తాను, ముందు అసలు సంగతి చెప్పాలి.

ఊరికే రాయలేదు. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ జబ్బులకే వైద్యం చేస్తున్నాను. మొదటి కొన్నేళ్లు నేను కూడా కీళ్లే చూశాను. ఎన్ని కీళ్లు వాచాయి, ఒంట్లో వాపు చూపే ఈఎస్ఆర్ రక్తపరీక్ష ఎంత, వేళ్లు వంకర పోకుండా ఆపగలిగామా, అంతే. గుండె సంగతి వేరే డాక్టర్లు చూసుకుంటారులే అనుకునేవాణ్ణి. చర్మం, కీళ్లు, కిడ్నీ లాంటి చాలా అవయవాలను దెబ్బతీసే లూపస్ ఉన్న ఒక పేషెంటు, వయసు 36, రెండు రోజులుగా పొట్ట పైభాగంలో మంట, ఆయాసం అని చెప్తే గ్యాస్ మాత్రలతో ఇంటికి పంపేశారు, అది గుండెపోటు అని తేలేసరికి చాలా ఆలస్యమైంది. అంతకు మూడు వారాల ముందే ఆమె నా దగ్గరికి వచ్చింది. కీళ్లు బాగున్నాయి, మూత్రంలో ప్రొటీన్ తగ్గింది అని సంతోషపడి పంపించాను. బీపీ 150 ఉన్నట్టు ఆ రోజు కాగితం మీద రాసే ఉంది. దాన్ని చూసి కూడా పట్టించుకోలేదు నేను. అప్పటినుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరి గుండె గురించీ నేనే అడుగుతాను.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ పేరుకి కీళ్ల జబ్బు గానీ నిజానికి అది ఒళ్లంతా ఉండే వాపు జబ్బు. మీ కీళ్లలో పొరను వాపెక్కించే రసాయనాలే, అంటే టీఎన్ఎఫ్, ఐఎల్-6 లాంటివి, రక్తంలో తిరుగుతూ రక్తనాళాల లోపలి పొరను కూడా రోజూ రాపాడిస్తుంటాయి. ఆ పొర దెబ్బతింటే కొవ్వు రేణువులు లోపలికి దూరడం తేలికవుతుంది, వాటిని మింగడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు అక్కడే చిక్కుకుపోయి పూడిక తయారవుతుంది, దాన్నే ప్లాక్ అంటారు. మామూలు మనుషుల్లోనూ ఇలాగే జరుగుతుంది, కాకపోతే మెల్లగా, దశాబ్దాల మీద. మీలాంటి వాళ్లలో తొందరగా జరుగుతుంది, పైగా వాపు ఎక్కువగా ఉన్నప్పుడు ఆ ప్లాక్ మీది కప్పు పలచబడి చిన్నదైనా చిట్లిపోయే అవకాశం ఎక్కువ. చిట్లితే దాని మీద రక్తం గడ్డ కడుతుంది, గుండెపోటు అంటే అదే.

ఎంత ఎక్కువ రిస్క్ అంటారా? రుమటాయిడ్ ఉన్నవాళ్లకు గుండె జబ్బు రిస్క్ మామూలు వాళ్లకన్నా సుమారు ఒకటిన్నర రెట్లు, అంటే దాదాపు టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లతో సమానం. షుగర్ ఉందంటే గుండె జాగ్రత్త అని అందరూ చెప్తారు, కీళ్లవాతం ఉందంటే ఆ మాట ఎవరూ అనరు, నా బాధంతా అదే. 2022లో లాన్సెట్‌లో బ్రిటన్ రికార్డుల మీద ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, రెండు కోట్లకు పైగా మంది రికార్డుల్లోంచి ఆటో ఇమ్యూన్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బులున్న దాదాపు నాలుగున్నర లక్షల మందిని తీసి, 19 జబ్బులు చూశారు. మొత్తం మీద గుండె, రక్తనాళాల జబ్బుల రిస్క్ 1.56 రెట్లు. చర్మం గట్టిపడే జబ్బు స్క్లిరోడెర్మాలో మూడున్నర రెట్లకు పైగా, లూపస్‌లో 2.8 రెట్లు. మిగతావాళ్లతో పోలిస్తే తేడా ఎక్కువగా కనబడింది చిన్న వయసు వాళ్లలో, 45 లోపు వాళ్లలో. "నాకింకా చిన్న వయసే కదా" అనే ధైర్యం అందుకే ఇక్కడ సరిగ్గా పనిచేయదు.

లూపస్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది చదివేవాళ్లలో లూపస్ ఉన్న అమ్మాయిలు ఉండొచ్చు. 1976లోనే టొరంటో డాక్టర్లు గమనించారు, లూపస్‌లో మరణాలు రెండు విడతల్లో వస్తున్నాయని. మొదటి ఏడాది రెండేళ్లలో జబ్బు తీవ్రత వల్ల, ఇన్ఫెక్షన్ల వల్ల. చాలా ఏళ్ల తర్వాత, జబ్బు అదుపులో ఉంది అనుకున్న వాళ్లలో, గుండెపోటు వల్ల. 1997లో పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన లెక్కలో 35 నుంచి 44 ఏళ్ల మధ్య లూపస్ ఉన్న ఆడవాళ్లకు గుండెపోటు అదే వయసు మామూలు ఆడవాళ్లకన్నా 50 రెట్లు ఎక్కువ. ఈ అంకె చూసి భయపడిపోకండి, ఆ వయసు ఆడవాళ్లలో గుండెపోటు చాలా అరుదు కాబట్టి 50 రెట్లు అన్నా విడిగా చూస్తే తక్కువ మందికే వస్తుంది. కానీ ఆ వయసులో ఛాతీనొప్పి అని వస్తే ఈసీజీ తీయకుండా ఇంటికి పంపకూడదు అని చెప్పడానికి ఈ అంకె చాలు.

ఇక మీ నార్మల్ కొలెస్ట్రాల్ సంగతి. ఇక్కడే అందరూ మోసపోతారు. ఒంట్లో వాపు బాగా ఉన్నప్పుడు ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్ అంటామే అది, రక్తంలో తగ్గిపోతుంది. మంచిది అనే హెచ్‌డీఎల్ కూడా తగ్గుతుంది, ఉన్నదీ సరిగ్గా పనిచేయదు. కాబట్టి జబ్బు ఉధృతంగా ఉన్న రోజుల్లో టెస్ట్ చేయిస్తే కాగితం మీద అంతా చక్కగా కనబడుతుంది, రక్తనాళాల్లో మాత్రం ప్లాక్ పెరుగుతూనే ఉంటుంది. మీరు టెస్ట్ చేయించిన రోజుకి కీళ్లు వాచి ఉన్నాయా, సీఆర్‌పీ అనే వాపు చూపే రక్తపరీక్ష ఎంత ఉంది చూడండి. ఎక్కువ ఉంటే ఆ లిపిడ్ రిపోర్టు మీద నమ్మకం పెట్టుకోవద్దు, జబ్బు అదుపులోకి వచ్చాక మళ్లీ చేయించాలి. ఇందులోనే ఇంకో చిక్కు ఉంది. మంచి మందు మొదలుపెట్టి కీళ్లు బాగుపడగానే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, ఐఎల్-6ని అడ్డుకునే టోసిలిజుమాబ్ లాంటి వాటితో బాగానే పెరుగుతుంది, అది చూసి కంగారుపడి ఆ మందే ఆపేసినవాళ్లు నాకు తెలుసు. ఆపకండి. టోసిలిజుమాబ్‌ని టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే ఎటనర్‌సెప్ట్‌తో పోల్చి 3,000 మందికి పైగా మీద చేసిన ట్రయల్‌లో కొలెస్ట్రాల్ పెరిగినా గుండెపోట్లు చెప్పుకోదగినంత ఎక్కువ కాలేదు. కొలెస్ట్రాల్‌కి విడిగా మందు వేసుకోవచ్చు, వాపు తగ్గించే మందు పోగొట్టుకుంటే మాత్రం నష్టం రెండువైపులా.

రిస్క్ కాలిక్యులేటర్ల గురించి, అంటే వచ్చే పదేళ్లలో గుండె జబ్బు వచ్చే అవకాశం ఎంతో లెక్కగట్టే వాటి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు ఆన్‌లైన్‌లో లెక్కేసుకుంటే "చాలా తక్కువ" అని వచ్చిందని రాశారు. వాటిలో చాలావాటికి మీ జబ్బు సంగతి తెలియదు. అందుకే యూరప్ రుమటాలజీ సంఘం ఈయూఎల్ఏఆర్ వచ్చిన అంకెని రుమటాయిడ్ ఉంటే 1.5తో గుణించమంటుంది. బ్రిటన్ వాళ్ల క్యూరిస్క్3లో రుమటాయిడ్, లూపస్, స్టెరాయిడ్ వాడకం ముందే కలిపి ఉన్నాయి, దాన్ని మళ్లీ గుణించకూడదు. అయితే నిజం చెప్పాలంటే 41 ఏళ్ల ఆడమనిషికి ఏ లెక్క వేసినా పదేళ్ల రిస్క్ చిన్న అంకే వస్తుంది, 2 శాతాన్ని ఒకటిన్నరతో గుణిస్తే 3 శాతం, అంతేగా. ఈ లెక్కల్లో అన్నిటికన్నా బరువైంది వయసు. కాబట్టి కేవలం అంకెని చూసి స్టాటిన్ రాయడం కుదరదు, రాయకుండా ఊరుకోవడమూ కుదరదు. మీలాంటి వాళ్లలో రక్తనాళాన్ని నేరుగా చూడటం ఉపయోగపడేది అందుకే. మీ డాక్టరు గారు మెడ స్కాన్ చేయించింది బహుశా ఇందుకే. అందులో ప్లాక్ కనబడింది అంటే ఇక "రావొచ్చు" అనే మాట దాటిపోయాం, పూడిక మొదలైంది అని అర్థం. చిన్నదే కావచ్చు. కానీ మెడలో ఉన్నది గుండె రక్తనాళాల్లో లేదు అనుకోవడానికి లేదు. నేనైనా ఈ స్కాన్ చూశాక స్టాటిన్ రాసేవాణ్ణి, ఇది మీకు వివరంగా చెప్పి రాయాల్సింది, అదొక్కటే లోటు.

స్టాటిన్ ఈ జబ్బులో పనిచేస్తుందా అంటే, దాదాపు 3,000 మంది రుమటాయిడ్ పేషెంట్ల మీద అటోర్వాస్టాటిన్ 40 మి.గ్రా. ఇచ్చి చూశారు, ట్రేస్ ఆర్ఏ అని ట్రయల్ పేరు. గుండెపోటు లాంటివి 34 శాతం తక్కువ వచ్చాయి. అనుకున్నదానికన్నా తక్కువ మందికి ఆ ఘటనలు జరగడంతో ట్రయల్ ముందే ఆపేశారు, కాబట్టి ఆ అంకె గణాంకాల పరంగా గట్టిగా నిలబడలేదు, ఆ సంగతి దాచను. కానీ తగ్గింపు మామూలు వాళ్లలో కనబడినట్టే ఉంది, ముఖ్యంగా దుష్ప్రభావాలు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకన్నా ఎక్కువ కాలేదు. మెథోట్రెక్సేట్‌తో కలిపి వాడటం మేం రోజూ చేసే పనే. మెథోట్రెక్సేట్ కోసం మీరు ఎలాగూ లివర్ టెస్టులు చేయించుకుంటూ ఉంటారు, స్టాటిన్‌కీ అవే పనికొస్తాయి. కండరాలు నొప్పి పుడితే మాత్రం చెప్పండి. మీకు కీళ్ల నొప్పి అలవాటు కాబట్టి ఇది కూడా అదేనేమో అనుకుని ఊరుకునే ప్రమాదం ఉంది, తొడలు, భుజాల కండరాలు రెండువైపులా నొప్పి, మెట్లెక్కలేకపోవడం, మూత్రం ముదురు రంగులోకి మారడం ఉంటే సీకే అనే రక్తపరీక్ష చేయించాలి. ఒంటి రక్షణ వ్యవస్థను అణచే సైక్లోస్పోరిన్ వాడేవాళ్లకు స్టాటిన్ ఎంపిక, డోసు వేరుగా ఉంటాయి, వాళ్లు తప్పకుండా ముందే చెప్పాలి.

ఇప్పుడు నాకు స్టాటిన్ కన్నా ఎక్కువ టెన్షన్ పెడుతున్న విషయం, మీరు రోజూ వేసుకుంటున్న నొప్పి మాత్ర. పేరు రాయలేదు. డైక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ అయితే గుండెకు వాటితో రిస్క్ కొంచెం ఎక్కువే. వయాక్స్ అనే నొప్పి మాత్రని 2004లో కంపెనీ ప్రపంచమంతటా మార్కెట్ నుంచి తీసేసింది, గుండెపోట్లు, పక్షవాతం పెరిగినందుకు. అప్పటినుంచి ఈ జాతి మాత్రలన్నిటి మీదా కన్ను పడింది. నాప్రోక్సెన్ కొంత నయం అంటారు, కానీ అదీ కడుపుకి, కిడ్నీకి పడదు. పక్షవాతం రాకుండా ఆస్పిరిన్ వాడేవాళ్లు దాంతోపాటు ఐబుప్రోఫెన్ వేసుకుంటే ఆస్పిరిన్ పని దెబ్బతింటుంది. ఇవన్నీ బీపీ కూడా పెంచుతాయి, ఒంట్లో నీరు నిలబెడతాయి. మీ 138/88లో ఆ మాత్ర వాటా ఎంతో నాకు అనుమానంగా ఉంది. కీళ్లవాతానికి వాడే లెఫ్లునోమైడ్, సైక్లోస్పోరిన్ కూడా బీపీ పెంచుతాయని గుర్తుంచుకోండి.

అసలు 11 ఏళ్ల తర్వాత కూడా రోజూ నొప్పి మాత్ర కావాల్సి వస్తోందంటే మీ జబ్బు అదుపులో లేదు అని అర్థం. దీన్ని సూటిగానే చెప్తున్నాను. స్టెరాయిడ్ మధ్యమధ్య కావాల్సి వస్తోందన్నా అదే అర్థం. మీ గుండెకు చేయగల పెద్ద మేలు స్టాటిన్ కన్నా ముందు ఇదే, జబ్బును పూర్తిగా చల్లార్చే మందుకి మారడం, లేదా ఉన్న మెథోట్రెక్సేట్ డోసు చాలుతోందా అని చూడటం. మెథోట్రెక్సేట్ వాడే రుమటాయిడ్ పేషెంట్లలో గుండె జబ్బు తక్కువగా కనబడుతుంది. అదే మందుని కీళ్లవాతం లేని గుండె జబ్బు వాళ్లకు తక్కువ డోసులో ఇచ్చి చూస్తే, సర్ట్ అనే ట్రయల్‌లో, ఏమీ ఉపయోగం రాలేదు. అందులో చేరినవాళ్లకు సీఆర్‌పీ పెద్దగా లేదు, మందు దాన్ని తగ్గించనూ లేదు. 2017లో వచ్చిన కాంటోస్ ట్రయల్‌లో మాత్రం కొలెస్ట్రాల్ జోలికి పోకుండా ఒక్క వాపునే తగ్గించే కనకినుమాబ్ ఇస్తే గుండెపోటు లాంటి ఘటనలు 15 శాతం తగ్గాయి. పదివేల మంది మీద చేసిన ట్రయల్. ఈ రెండూ కలిపి చూస్తే నాకు అర్థమయ్యేది, పనిచేసేది ఫలానా మందు కాదు, నిజంగా వాపు తగ్గిందా లేదా అన్నదే.

స్టెరాయిడ్ విషయంలో మాత్రం తొందరపడి ఎవరూ సొంతంగా ఆపేయకండి, నెలల తరబడి వాడిన ప్రెడ్నిసొలోన్‌ని ఒక్కసారి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. మెల్లగా దించుతూ 5 మి.గ్రా. లోపుకి, వీలైతే పూర్తిగా మానే దాకా తీసుకురావడం లక్ష్యం. బీపీ, షుగర్, బరువు, కొలెస్ట్రాల్ నాలుగూ అది పెంచగలదు, అలాగని జబ్బు భగ్గుమంటున్నప్పుడు స్టెరాయిడ్ ఇవ్వకపోతే ఆ వాపు కూడా గుండెకి చేటే.

కొత్త మందుకి మారాల్సి వస్తే ఒక ప్రశ్న అడగండి. టోఫాసిటినిబ్ లాంటి జాక్ మాత్రలు, అంటే కణాల్లో వాపు సంకేతాలను ఆపేవి, చాలామందికి బాగా పనిచేస్తాయి, సూది లేదు కాబట్టి ఇష్టపడతారు కూడా. కానీ 50 దాటి, గుండె రిస్క్ ఏదో ఒకటి ఉన్న 4,300 మందికి పైగా రుమటాయిడ్ పేషెంట్లలో టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే ఇంజెక్షన్లతో పోలిస్తే ఈ మాత్ర వాడినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 3.4 శాతం, అవతల 2.5 శాతం. మీ వయసు 50 కాకపోయినా ప్లాక్ ఉంది, కాబట్టి జాక్ మాత్ర నా మొదటి ఎంపిక కాదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఎవరైనా రాస్తే మాత్రం నాకు సంతోషమే, లూపస్‌లో అయితే అది దాదాపు అందరికీ ఉండాల్సిన మాత్ర, కొలెస్ట్రాల్‌కీ షుగర్‌కీ కొంచెం మేలు చేస్తుంది, రక్తం గడ్డకట్టే తీరునూ తగ్గిస్తుంది. ఏటా కంటి పరీక్ష ఒకటి మర్చిపోకూడదు.

లక్షణాల సంగతి. ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం అందరికీ తెలుసు. కీళ్లవాతం ఉన్నవాళ్లలో గుండెపోటు ఏ నొప్పీ లేకుండా వచ్చి పోవడం ఎక్కువ, తర్వాత ఎప్పుడో ఈసీజీలో బయటపడుతుంది. ఇంకోటి ఆలోచించండి, మామూలు మనిషి గబగబా నడిచినప్పుడు ఛాతీ పట్టేసి ఆగిపోతాడు, అప్పుడు తెలుస్తుంది. మోకాళ్ల నొప్పితో మీరు అంత దూరం, అంత వేగంగా నడవరు, అందుకని ఆ హెచ్చరిక మీకు రానే రాదు. కాబట్టి చిన్న పనికే కొత్తగా ఆయాసం, దవడలో, వీపులో, పొట్ట పైన కారణం లేని నొప్పి, చెమటలు, విపరీతమైన నీరసం ఉంటే "నాది ఎప్పుడూ ఉండే నీరసమే" అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తలేనివాళ్లకు మందు ఇచ్చి గుండెను పరిగెత్తించి చూసే పరీక్షలు ఉన్నాయి, నడవలేరు కాబట్టి పరీక్ష అక్కర్లేదు అంటే ఒప్పుకోవద్దు.

వేరే జబ్బుల వాళ్లకి క్లుప్తంగా. స్క్లిరోడెర్మా ఉంటే ఏడాదికోసారి ఎకో, ఊపిరితిత్తుల పరీక్ష చేయించాలి, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరగడం అక్కడ అసలు భయం. పెద్ద రక్తనాళాలు వాచే జబ్బు టకయాసు ఉన్నవాళ్లకు రెండు చేతుల్లోనూ బీపీ చూడాలి, ఒక చేతిలో రక్తనాళం మూసుకుపోయి బీపీ తప్పుడుగా తక్కువ చూపిస్తుంది. వెన్నెముక బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌లో అయోర్టా కవాటం కారడం, గుండె కరెంటు దారిలో అడ్డంకులు రావొచ్చు. రక్తం అతిగా గడ్డకట్టే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్‌లో, ఆ జబ్బుకి చూసే మూడు యాంటీబాడీలూ పాజిటివ్ ఉన్నవాళ్లు వార్ఫరిన్ బదులు కొత్త రక్తం పలచన మాత్రలకి సొంతంగా మారకూడదు, రివరోక్సాబాన్‌తో చేసిన ట్రయల్‌లో గడ్డలు ఎక్కువయ్యాయి. లూపస్‌లో బీపీ 130/80 లోపు ఉంచాలి.

సిగరెట్ గురించి మీరేమీ రాయలేదు కాబట్టి లేదనుకుంటాను. ఉంటే మాత్రం మిగతావన్నీ పక్కనపెట్టి ముందు అది ఆపాలి, అది గుండెకే కాదు, రుమటాయిడ్‌ని రెచ్చగొడుతుంది, మెథోట్రెక్సేట్ పనిచేయకుండా కూడా చేస్తుంది. నడక మంచిదే, కీళ్లు అరిగిపోతాయన్న భయం వద్దు, వాపు లేని రోజుల్లో చేసే నడక, ఈత, సైకిల్ కీళ్లను పాడుచేయవు.

మీ విషయానికి వస్తే. స్టాటిన్ మొదలుపెట్టండి, ఒక్క షరతు, పిల్లల కోసం ప్రయత్నిస్తుంటే మాత్రం ముందే చెప్పాలి, గర్భం అనుకుంటే సాధారణంగా స్టాటిన్ ఆపుతాం, మెథోట్రెక్సేట్ అయితే కొన్ని నెలల ముందే ఆపి తీరాలి. రెండు మూడు నెలల తర్వాత లిపిడ్ పరీక్ష మళ్లీ చేయించండి. వారం రోజులు ఇంట్లో పొద్దున, సాయంత్రం బీపీ చూసి రాసుకోండి. నొప్పి మాత్ర పేరు, నెలకు ఎన్ని పడుతున్నాయో, ఈ ఏడాది స్టెరాయిడ్ ఎన్నిసార్లు వాడారో ఒక కాగితం మీద పెట్టండి. ఈసారి కీళ్ల డాక్టరు గారి దగ్గరికి వెళ్లినప్పుడు "నా గుండె రిస్క్ ఎవరు చూసుకుంటున్నారు, మీరా, స్టాటిన్ రాసిన డాక్టరు గారా?" అని నేరుగా అడగండి, ఈయూఎల్ఏఆర్ సూచనల ప్రకారం ఆ బాధ్యత కీళ్ల డాక్టరుదే, కనీసం ఐదేళ్లకోసారి, పెద్ద మందు మార్చినప్పుడల్లా మళ్లీ లెక్క చూడాలి. ఆ మెడ స్కాన్ కాగితం ఫైల్‌లో అడుగున ఉండిపోయి ఉంటుంది, దాన్ని తీసి అన్నిటికన్నా పైన పెట్టండి, ఇద్దరు డాక్టర్లకీ చూపించండి.